జిగురు మరకలు

మార్చి ఇరవై ఆరు. ఆ రాత్రి ఇంట్లో తిన్నది ఉడికించిన బంగాళాదుంపలు, కాల్చిన బ్రెడ్డు, మనిషికో గుడ్డు. మాస్టారికి ఆ తేదీ, ఆ తిండి రెండూ గుర్తుండిపోయాయి. గుడ్డు పెంకు సగం ఒలిచి ఉండగా ఫోన్ మోగింది. మాట్లాడడం అయ్యేసరికి గుడ్డు చల్లారిపోయి, మిగతా పెంకు తెల్లసొనతో సహా ఊడొచ్చింది.

ఫోన్ చేసింది హ్యాండ్‌బాల్ సంఘం కార్యదర్శి.

"ఇదే ఆఖరి అవకాశం మాస్టారూ. క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచ్‌లు. ఒక్కటి గెలిస్తే చాలు. లేదంటే వచ్చే ఏడాది నుంచి మగవాళ్ల జట్టుని బయటికి పంపం. ఇది నా మాట కాదు, కమిటీ నిర్ణయం."

"కమిటీలో మీరు లేరా?"

"ఉన్నాననుకోండి."

మాస్టారు పగలు బడిలో వ్యాయామం నేర్పుతారు. సాయంత్రాలు జాతీయ జట్టుకి కోచ్. సొంత హాల్లో ఆ జట్టు గెలిచిన మ్యాచ్‌లు ఉన్నాయి, చెప్పుకోదగ్గవే. పరాయి దేశంలో మాత్రం మూడేళ్లుగా ఒక్క గెలుపూ లేదు. పత్రికల వాళ్లు దాన్ని పిరికితనం అన్నారు. విమానం ఎక్కగానే వీళ్ల కాళ్లు వణుకుతాయని ఒకాయన రాశాడు కూడా. అసలు సంగతి జిగురు. మిగతా దేశాల్లో ఈ ఆటగాళ్లు వేళ్లకి జిగురు రాసుకుని ఆడతారు. బంతి మీద ఒంటిచేతికి పట్టు దొరుకుతుంది, విసిరితే గాలిలో మెలిక తిరుగుతుంది. ఇక్కడి హాల్లో మూడేళ్లుగా జిగురు నిషేధం, ఇప్పటి ఆటగాళ్లంతా ఆ తర్వాత చేరినవాళ్లే. ఇక్కడికి వచ్చిన జట్లు జిగురు లేక తడబడి ఓడిపోయేవి. ఇక్కడి నుంచి వెళ్లిన జట్టు జిగురు బంతి అలవాటు లేక ఓడిపోయేది. వదలాల్సిన చోట బంతి వేళ్లని వదలదు. రెప్పపాటు ఆలస్యంగా వదిలి, గోల్‌కి బదులు విసిరినవాడి కాళ్ల ముందే నేలని కొడుతుంది. చూసేవాళ్లు నవ్వుతారు.

"ఎవరు నాయనా? ఆట మొదలవకముందే ఓడిన ముఖం పెట్టావు," అంది అత్తగారు.

"ఒక్కటన్నా గెలవాలట అత్తయ్యా. లేకపోతే జట్టు మూసేస్తారట."

"మూసేయడానికి అదేమన్నా కొట్టా?"

"కొట్టుకైతే కాస్త గడువిస్తారు."

ఆవిడ తన పళ్లెంలోని గుడ్డు తీసి ఆయన పళ్లెంలో పెట్టి, ముక్కలైన ఆయన గుడ్డు తను తీసుకుంది. కూతురు పోయాక కూడా ఆవిడ ఈ ఇంట్లోనే ఎందుకు ఉండిపోయిందో ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ సంగతి ఇలాంటి చోట్లే తెలిసేది.

మర్నాడు బడి వదలగానే మాస్టారు హాలు మేనేజరు గదికి వెళ్లారు. మేనేజరు టీలో బిస్కెట్ ముంచి, అది విరిగి పడేలోగా నోట్లో పెట్టుకునే ప్రయత్నంలో ఉన్నాడు.

"మళ్లీ ఆ మాటేనా?" అన్నాడు, మాస్టారు నోరు తెరవకముందే.

"మూడు సాయంత్రాలు. మూడంటే మూడు. తర్వాత జిగురు మాట ఎత్తను."

"నేల పాడవుతుంది మాస్టారూ."

"మీ నేలకున్న పరువు మా జట్టుకి లేదన్నమాట."

"బ్యాడ్మింటన్ వాళ్లు కూడా అక్కడే ఆడాలి. బూట్లు అంటుకుపోతాయి."

"అంటుకుపోనివ్వండి, కాస్త నిలకడగా ఆడతారు."

మేనేజరు నవ్వలేదు. బిస్కెట్ విరిగి టీలో పడింది. నడవలో ఎవరో బకెట్ దించిన చప్పుడైతే అటు చూశాడు. తలుపు దగ్గరికేసి వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"మీరు అడగడంలో తప్పు లేదు. నేనే ఒప్పుకోలేను. నేల అలాంటిది."

"ఎలాంటిది? మూడేళ్ల కిందటి దాకా ఇదే నేల మీద జిగురుతోనే ఆడాంగా."

"అందుకే," అన్నాడు మేనేజరు. చెంచాతో టీలో మునిగిన బిస్కెట్ ముక్కని వెతకసాగాడు.

ఆ సాయంత్రం సాధన ఎప్పటిలాగే జరిగింది. పుర్రచెయ్యి అని అందరూ పిలిచే ఎడమచేతి ఆటగాడు పగలంతా ఫర్నిచర్ దుకాణంలో బీరువాలు బిగించి, వేలికి కొత్త పట్టీతో వచ్చాడు. జట్టులో గట్టి షాట్ అతనిదే. బంతిని రెండు చేతులతో తడిమి, పైకెత్తి, మాస్టారి వైపు చూపించాడు.

"మాస్టారూ, ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పుతున్నారు. అక్కడికెళ్లాక నేరుగా నీళ్లలోకి తోస్తారు."

"ఒడ్డున చేసేది సరిగ్గా చెయ్యి ముందు," అన్నారు మాస్టారు కసిరినట్టు. కుర్రాడు చెప్పింది నిజమే కాబట్టి ఆ కసురు ఇంకాస్త గట్టిగా వచ్చింది.

ఆ రాత్రి ఆయనకి కోపం తగ్గలేదు. పత్రికల మీద, కమిటీ మీద, అన్నిటికంటే ఎక్కువగా బిస్కెట్ ముంచుకునే ఆ మనిషి మీద. నేలట, నేల! మనుషులకంటే చెక్క పలకలు ఎక్కువా? పొద్దున్నే లేచి, తన జన్మలో చేయని పని చేశారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని సంఘం అధ్యక్షుడి ఇంటికి వెళ్లి, వరండాలో కూర్చున్నారు. అధ్యక్షుడు పళ్లు తోముకుంటూ విన్నాడు, నోరు కడుక్కుని ఎవరికో ఫోన్ చేశాడు. అంతే. ఇన్నాళ్లు అడిగి అడిగి అరిగిపోయిన పని అంత తేలిగ్గా అయిపోవడం మాస్టారికి సంతోషం కంటే ఎక్కువగా ఒళ్లు మంట తెప్పించింది.

సాయంత్రం హాలుకి వెళ్లేసరికి మేనేజరు స్టూలెక్కి, 'జిగురు వాడరాదు' అన్న బోర్డుని తనే విప్పుతున్నాడు.

"మీ మాటే నెగ్గింది మాస్టారూ," అన్నాడు దిగి. బోర్డుని చంకలో పెట్టుకుని, ఏదో చెప్పబోయి ఆగాడు. "వీలైనంత తక్కువ వాడండి."

"నేలకి దిష్టి తగలకుండా చూస్తాంలెండి," అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం ఆయనకి చాలాకాలం తర్వాత కడుపు నిండినట్టనిపించింది. జిగురు డబ్బా మూత తీయగానే చెట్టుబంక వాసన. ఒక్కొక్కరూ రెండు వేళ్లతో కొంచెం తీసి బొటనవేలికి, చూపుడువేలికి రాసుకున్నారు. ఆట మధ్యలో అందుకోవడానికి వీలుగా బూటు మడమ మీద ఇంకో ముద్ద అంటించుకున్నారు. మొదటి అరగంట నవ్వులపాలే. పాస్ ఇవ్వబోతే బంతి చేతిలోనే ఉండిపోయేది. పుర్రచెయ్యి గాల్లోకి ఎగిరి విసిరిన మొదటి షాట్ అతని బూటు మీదే పడింది.

"నీ బూటుని కాదురా కొట్టాల్సింది, అదిగో గోడని!" అని అరిచాడు ఎవరో.

గోల్‌కీపర్‌ని గోడ అంటారు. లిఫ్టులు బాగుచేసే మనిషి, నిదానస్తుడు. "ఈ గోడకి కిటికీలెక్కువ, మీరెందుకు కంగారుపడతారు," అన్నాడు వాడు.

మెల్లగా వేళ్లకి తెలిసొచ్చింది. మణికట్టు ఎక్కడ విరవాలో, ఎంత ముందుగా వదలాలో. చివర్లో పుర్రచెయ్యి మూల నుంచి ఎగిరి, గోల్‌కి దూరంగా నేల మీదికి ఒక బంతి విసిరాడు. అది నేలని తాకి, మెలిక తిరిగి, గోడ కాళ్ల పక్క నుంచి లోపలికి దూరింది. హాలంతా ఒక్కసారి అరిచింది. పుర్రచెయ్యి తన చేతిని తనే చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు.

సాధన అయ్యాక మాస్టారు సంచిలోంచి వంటనూనె సీసా తీశారు. జిగురు సబ్బుకి పోదు. నూనెతో రుద్దితే మెత్తగా వదులుతుంది. ప్రతి విదేశీ ప్రయాణానికి ముందు అత్తగారు ఆ సీసా నింపి ఇస్తుంది. ఆటగాళ్లు బెంచీ మీద వరసగా కూర్చుని అరచేతులు చాపారు. ఆయన ఒక్కొక్కరి చేతిలో కొంచెం పోసుకుంటూ వెళ్లారు. వాళ్లు పాత గుడ్డలతో తుడుచుకుని, చేతులు మెరిపించుకుంటూ, ఒకరి చొక్కాకి ఒకరు పూస్తూ వెళ్లిపోయారు.

బస్టాపు దాకా వెళ్లాక మాస్టారికి విజిల్ బెంచీ మీదే వదిలేసినట్టు గుర్తొచ్చింది. వెనక్కి వచ్చారు. హాలు తలుపు తీయగానే మొదట వాసన కొట్టింది. రంగులు కలిపే థిన్నర్ వాసన.

నేల తుడిచే ఆమె గోల్ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఆటగాళ్లందరూ ఆమెని అక్కా అంటారు. రెండు చేతులకీ ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, మణికట్టు దగ్గర దారంతో కట్టుకుంది. గుడ్డని థిన్నర్‌లో ముంచి ఒక మరక మీద రుద్దుతోంది. హాలంతా మరకలే, చెప్పుల సైజువి, బంతి సైజువి, నల్లగా, మెరుస్తూ. మాస్టారు వాటిని అంతకు ముందు చూడలేదు. ఆయన చూసింది షాట్లని.

"విజిలా? అదిగో, కిటికీలో పెట్టాను," అంది ఆమె. "ఇక్కడ నిలబడకండి మాస్టారూ, తల తిరుగుతుంది."

"ఆ సంచులేంటమ్మా? చేతి తొడుగులు ఇవ్వలేదా?"

"ఇచ్చారు. దీనికి అవి కరిగిపోతాయి. ఇవీ కరుగుతాయి, కాకపోతే ఇవి బోలెడున్నాయి." ఎడమచేతి సంచి అప్పటికే చిరిగి ఉంది. ఆమె దాన్ని తీసి ఇంకోటి తొడుక్కోబోయింది. ఆ మధ్యలో మాస్టారికి చెయ్యి కనబడింది. వేళ్ల మీద చర్మం పల్చగా, గులాబిరంగులో, కొత్తగా అతికించినట్టు ఉంది. గీతలు లేవు.

"ఇది ఇవాళ్టిది కాదులెండి," అంది ఆమె, ఆయన చూపు గమనించి. "మూడేళ్ల కిందటిది. అప్పుడు పెద్ద పోటీలయ్యాయి కదా, వారం రోజులు ఇదే పని. తోలంతా ఊడొచ్చింది. అన్నం కలుపుకోలేకపోయేదాన్ని, మా ఆయన తినిపించేవాడు. నాకు వేరే పని చూపించండని మేనేజరుగారి దగ్గర ఏడ్చాను. ఆయన ఆ బోర్డు పెట్టారు."

"నేల కోసమని కదా..."

"అలాగే చెప్పమన్నారు. తుడిచే మనిషి కోసం అంటే మర్నాడే బోర్డు పీకిస్తారట. నేల కోసమంటే ఎవరూ ఏమీ అనరట." ఆమె మళ్లీ మరక మీదికి వంగింది. "మీరు ఆడుకోండి మాస్టారూ. మూడు రోజులేగా. గెలిస్తే నాకూ సంతోషమే."

మాస్టారు వెంటనే విజిల్ తీసుకోలేదు. సంచిలోంచి సీసా తీసి, అడుగున మిగిలిన నూనె దగ్గర్లో ఉన్న మరక మీద పోసి, చొక్కా జేబులోని రుమాలుతో రుద్దారు. మరక కదిలింది. వదిలింది. చేతులకి వదిలినట్టే వదిలింది. ఇన్నేళ్లుగా ఆ సీసా మోస్తూ, అందరి అరచేతుల్లో పోస్తూ, అది నేలకి కూడా పనికొస్తుందన్న ఆలోచన ఆయనకి ఒక్కసారీ రాలేదు. రావలసిన అవసరం కూడా ఎప్పుడూ కలగలేదు.

"ఇప్పుడిది జారుతుంది కదా," అంది ఆమె, ఆ చోటు చూసి. "సబ్బునీళ్లు కొట్టాలి. మళ్లీ పొడిగుడ్డ. ఒక్కదాన్ని చేస్తే తెల్లారుతుంది."

అదీ నిజమే. ఆయన లేచి, ఆమె పక్కనున్న థిన్నర్ డబ్బాకి మూత బిగించి, తన సంచిలో వేసుకున్నారు. "ఇవాళ్టికి వదిలేయండి," అన్నారు.

రెండో సాయంత్రం ఆయన ఇంటి నుంచి పెద్ద డబ్బా నిండా నూనె తెచ్చారు. సగం సమయానికే విజిల్ ఊదారు. అందరూ నీళ్లు తాగడానికి అనుకున్నారు.

"సాధన అయిపోయింది," అన్నారు మాస్టారు. "మిగతా సగం నేల తుడవాలి. ముందు నూనె, తర్వాత సబ్బు, తర్వాత పొడిగుడ్డ."

ఎవరూ కదల్లేదు. ఎవరో నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆపేశారు. ఆయన జరిగింది చెప్పారు. చెప్పడం సరిగ్గా రాలేదు. మాటలు ముందువి వెనక, వెనకవి ముందు అయ్యాయి.

"పాపమే, కాదనను," అన్నాడు పుర్రచెయ్యి. "కానీ మాస్టారూ, మాకున్నవే మూడు సాయంత్రాలు. అందులో సగం నేలకేనా? వేళ్లకి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. అక్కడ వాళ్లు ఇప్పుడు నేల తుడుస్తున్నారా? గెలవకపోతే మన జట్టే ఉండదు. అప్పుడు తుడుద్దాం, రోజంతా తుడుద్దాం, ఖాళీయేగా!"

"నువ్వన్నది నిజమే," అన్నారు మాస్టారు.

"మరి?"

"మరి లేదు. తుడవాలి."

పుర్రచెయ్యి చేతిలోని బంతిని నేలకి కొట్టాడు. జిగురుతో అది సరిగ్గా లేవక మూలకి దొర్లిపోయింది. వాడు బట్టలు మార్చుకునే గదిలోకి పోయి తలుపు ధడాలున వేసుకున్నాడు.

గోడ నిదానంగా వచ్చి గుడ్డ తీసుకున్నాడు. "గోల్ వెనకవన్నీ నాకొదిలేయండి. నన్ను దాటిపోయినవేగా, నా బాధ్యతే." వాడు వంగాక ఇంకొకరు వంగారు. తర్వాత ఇంకొకరు. అక్క బకెట్ పట్టుకుని మధ్యలో నిలబడి, "అయ్యో, అలా కాదు, మరకని పరుస్తున్నారు మీరు," అని అటూ ఇటూ తిరిగింది. చెమట, నూనె, సబ్బు కలిసి మోకాళ్లు జారుతున్నాయి. ఒకడు జారి పడ్డాడు. మాస్టారి నడుము పట్టేసింది. అయినా సగం హాలు కూడా కాలేదు. ఆయనకి ఎవరి మీదో అరవాలనిపించింది. నిన్నటిదాకా ఆ కోపానికి ఒక మేనేజరు ఉండేవాడు. ఇవాళ ఎవరూ లేరు.

మూడో సాయంత్రం పుర్రచెయ్యి అందరికంటే ముందు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆడాడు. సగంలో విజిల్ ఊదగానే ఒక గుడ్డ అందుకుని, తను ఎగిరే మూల నుంచి తన బూటు గుర్తులు మాత్రం వరసగా తుడిచాడు. పక్కవాడి మరకని దాటుకుని తన మరక మీద కూర్చోవడం చూసి గోడ నవ్వాపుకోలేకపోయాడు.

"నావి నేను తుడుస్తా. మిగతావి నా వల్ల కాదు," అన్నాడు పుర్రచెయ్యి.

హాలు మూసే వేళకి గోల్ వెనక కొంత మిగిలిపోయింది. మర్నాడు పొద్దున్నే ప్రయాణం. మాస్టారు అక్కతో, "దాన్ని ముట్టుకోవద్దమ్మా. వచ్చాక మేమే చేస్తాం," అన్నారు. మేనేజరు తాళాలగుత్తితో తలుపు దగ్గర నిలబడి నేలంతా చూశాడు.

"నేల బాగానే ఉంది," అన్నాడు.

"అవును. మంచి నేల," అన్నారు మాస్టారు. ఇంకేదో అనాలని అక్కడే నిలబడ్డారు. మేనేజరు జేబులోంచి బిస్కెట్ పొట్లం తీసి, ఒకటి ఇచ్చాడు. ఆయన తీసుకున్నారు.

మొదటి రెండు మ్యాచ్‌లు ఓడిపోయారు. మొదటిది ఘోరంగా, రెండోది కాస్త మర్యాదగా. మూడోదానిలో చివరి నిమిషానికి స్కోరు సమానంగా ఉంది. అప్పుడు ఏడు మీటర్ల త్రో, అంటే పెనాల్టీ, దొరికింది. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. పుర్రచెయ్యి బూటు మడమ మీది జిగురు తాకి, బంతి పట్టుకున్నాడు. మాస్టారు ఆ చేతినే చూశారు. మణికట్టు విరగాల్సిన చోట విరిగింది. బంతి వదలాల్సిన చోటే వదిలింది. గోల్‌కీపర్ తప్పు వైపుకి దూకాడు. బంతి స్తంభం లోపలి అంచుని కొట్టి, గీత వెంట దొర్లి, బయటికొచ్చింది.

డ్రా. పరాయి నేల మీద ఓడిపోకుండా బయటపడడం ఈ మూడేళ్లలో అదే మొదటిసారి. ఎవరికీ పండగ చేసుకోవాలనిపించలేదు.

జనం వెళ్లిపోయాక పుర్రచెయ్యి మాస్టారి సంచిలోంచి సీసా తీసుకుని, ఏడు మీటర్ల గీత దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. తన బూటు మరక రుద్దుతుంటే ఆ హాలు తుడిచే మనిషి పెద్ద యంత్రం నడుపుకుంటూ వచ్చి ఆగాడు. వింతగా చూసి, పక్కకి తప్పుకోమని చెయ్యి ఊపాడు. యంత్రం ఒక్క చుట్టు తిరిగేసరికి గీత అద్దంలా మెరిసింది. పుర్రచెయ్యి గుడ్డ పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"నేలకి పోయిన ఆ రెండు సగాలూ సాధనకి ఉండుంటే లోపలికి పోయేదేమో మాస్టారూ."

"ఏమో. పోయేదేమో," అన్నారు మాస్టారు.

విమానం దిగేసరికి కార్యదర్శి ఫోన్ చేశాడు. "బాగా ఆడారని విన్నాను. కానీ డ్రా అంటే గెలుపు కాదు కదా మాస్టారూ. కమిటీ మాట కమిటీదే."

ఇంట్లో అత్తగారు బంగాళాదుంపలు ఉడికించి, గుడ్లు ముందే ఒలిచి పెట్టింది. తినడం సగమయ్యాక ఆయనే చెప్పారు.

"గెలవలేదు అత్తయ్యా. ఆఖర్ది ఓడిపోలేదు కూడా."

"అదెలా?"

"సమానం."

"మరి సగం జట్టన్నా ఉంచరా?"

ఆయనకి నవ్వొచ్చింది. అప్పుడు ఫోన్ మోగింది. గుడ్డు చేతిలో ఉండగానే ఎత్తారు.

"మాస్టారూ, నేనే," అంది పుర్రచెయ్యి గొంతు. "రేపు హాలు ఎన్నింటికి తీస్తారు? గోల్ వెనక మిగిలింది కదా. అందులో నావి నాలుగైదు ఉన్నాయి."

"జట్టు లేదురా. తెలిసిందా?"

"తెలిసింది. గోడ చెప్పాడు. వాడూ వస్తున్నాడు. అన్నీ నేను తుడవను, ముందే చెబుతున్నా. నావే."

ఆయన ఫోన్ పెట్టి చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లారు. సంచి విప్పలేదు. మంచం మీద పడుకుని కప్పు వైపు చూస్తూ ఉంటే, వంటింట్లో గరాటు పెట్టిన చప్పుడు, సీసాలోకి నూనె జారుతున్న చప్పుడు వినబడ్డాయి. అత్తగారు సీసా తుడుచుకుంటూ వచ్చి, సంచి పక్కన నిలబెట్టింది.

"ఇంక నూనె ఎందుకు అత్తయ్యా?"

"జట్టు పోయిందన్నావు గానీ, మరక పోయిందనలేదుగా."

ఆవిడ మూత మరోసారి బిగించి చూసింది. దీపం ఆర్పి, చప్పుడు కాకుండా గడప దాటి, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.